వెనక బెంచీలో చోటు

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే ప్రేమజ్యోతమ్మ గుండిగ పొయ్యెక్కుతుంది. అమలాపురం నుంచి వచ్చేటప్పుడు చీరలన్నీ దాని కడుపులో కుక్కి, పైన దుప్పటి చుట్టి, విమానంలో వేసి తెచ్చుకున్న గుండిగ అది. నిండా నీళ్లు పోసి, అవి కళపెళా మరిగేదాకా ఆమె పొయ్యి దగ్గర్నుంచి కదలదు. మరిగాక కూడా ఇంకాసేపు మరగనిస్తుంది, ఎందుకైనా మంచిదని. తర్వాత దించి, మూత పెట్టి, చల్లారాక తెల్లగుడ్డలో వడగట్టి, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ములో పోస్తుంది. ఆరాధన అయ్యాక ప్రేమవిందులో అందరూ తాగేది ఆ నీళ్లే.

"మా చెల్లి కాలవ నీళ్లు తాగి పోయింది. పొద్దున వాంతులు మొదలైతే సాయంత్రానికల్లా పిల్ల లేదు," అని చర్చికి కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ ఆమె చెబుతుంది. "అప్పట్నుంచీ మా ఇంట్లో ఎవరి గొంతులోనూ పచ్చినీళ్లు దిగలేదు. నా పిల్లలందర్నీ కాచిన నీళ్లతోనే పెంచాను."

ఆ వీధి వాళ్లు మాత్రం బాటిల్ నీళ్ల కట్టలు కొట్టు నుంచి చంకన పెట్టుకుని మోసుకుపోతుంటారు. కాస్త గ్యాసుతో అయిపోయే పనికి ఇంత అవస్థ ఎందుకో ప్రేమజ్యోతమ్మకి అర్థం కాదు. అమెరికా వాళ్లకి నీళ్లు కాచుకోవడం రాదు పాపం అని తేల్చేసింది.

ఆ పేట పేరు ఫౌండ్రీ హిల్. నగరంలో ఇనుప కొలుములు మండిన రోజుల్లో కూలీల కోసం ఇళ్లూ, కూలీల పాపాల కోసం చర్చీ ఒకేసారి కట్టారు. కొలుములు ఆరిపోయాయి. వెళ్లగలిగిన వాళ్లు వెళ్లిపోయారు, వెళ్లలేని వాళ్లు ఒకదానికొకటి అతుక్కున్న ఇటుక ఇళ్లలో మిగిలారు. సగం కిటికీలకి చెక్కలు కొట్టి ఉంటాయి. అద్దె తక్కువని బేతేలు తెలుగు చర్చి వాళ్లు ఆ భవనం తీసుకున్నారు. ఆదివారం సాఫ్ట్‌వేర్ కుటుంబాలు శివార్లలోని కొత్త ఇళ్ల నుంచి వచ్చి దిగుతాయి. కారు తాళం వేసి, వేశామో లేదోనని మళ్లీ ఒకసారి నొక్కి, పాటలు పాడి, భోంచేసి, పొద్దుండగానే వెళ్లిపోతాయి. వారమంతా అక్కడ ఉండేది పాస్టర్ దైవాశీర్వాదం గారూ, ఆయన భార్య ప్రేమజ్యోతమ్మా, వెనక బెంచీ పిల్లలూ.

వెనక బెంచీ పిల్లలు భవనంతో పాటే వచ్చారు. తాళాలు ఇచ్చినాయన బాయిలర్ ఎక్కడుందో, ఫ్యూజు ఎక్కడుందో, పిల్లలు ఎక్కడ కూర్చుంటారో ఒకే గొంతుతో చెప్పి వెళ్లాడు. వందేళ్లు దాటిన మాట. పేటకంతా ఒకటే బావి, ఆ బావిలోకి మరుగుదొడ్ల నీళ్లు ఊరాయి. ఒక్క ఎండాకాలంలో ఇంటికొకరు చొప్పున పిల్లలు పోయారు. పోయినవాళ్లు ఆదివారం మానలేదు. మండుటెండలో కూడా బూడిదరంగు ఉన్ని మేజోళ్లు వేసుకుని, నేలకందని కాళ్లు ఊపుకుంటూ, ఆఖరి బెంచీలో బుద్ధిగా కూర్చుంటారు. వాళ్లలో పెద్దది ఒక పిల్ల. జ్వరంలో జుట్టు కత్తిరించేసినట్టున్నారు, ఇంకా గుండు మీద అంగుళం మొలకే. చంకలో ఒక పసిగుడ్డు. ఎవరూ మాట్లాడరు కానీ పాటల్లో పెదాలు కదుపుతారు. మొదట్లో ఒక మాట వెనకబడేవారు, ఇప్పుడు పల్లవులన్నీ వచ్చేశాయి.

చర్చి ఆడవాళ్లు వాళ్లకీ పళ్లాలు వడ్డిస్తారు. కోడి వేపుడు పెడితే తింటారు, కొట్లో కొన్న కేకు పెడితే ఇంకా ఇష్టంగా తింటారు. చారు ముట్టరు. అన్నం కెలికి వదిలేస్తారు. గ్లాసుల్లో నీళ్లు పోసినవి పోసినట్టే ఉంటాయి. "పోయినవాళ్లకి దాహం ఏముంటుందిలే," అని వడ్డించే జెనిఫర్ ఆ గ్లాసులు తిరిగి సింకులో పారబోస్తుంది.

బెంచీ చివర మాత్రం ఉన్ని మేజోళ్లు లేని పిల్లాడు ఒకడున్నాడు. నీలం పఫ్ జాకెట్, చేతిలో ఇన్‌హేలర్. చర్చికి ఎదురింటి పిల్లాడే. రెండేళ్ల క్రితం చలికాలంలో ఆస్తమాతో పోయాడు. వాడు పోవడానికి చాలా ముందునుంచే బెంచీ పిల్లలు ఒకరిమీదికొకరు జరిగి ఒక చోటు ఖాళీ చేశారు. చూసిన ఆడవాళ్లు "చోటు చేస్తున్నారే" అని గొంతు తగ్గించి చెప్పుకున్నారు, ప్రార్థన చేశారు. చోటు నిండింది. పేట వాళ్లకి కూడా ఇది కొత్త కాదు. వాళ్ల అమ్మమ్మల కాలం నుంచీ ఆ బెంచీ అలాగే చోటు చేస్తోంది, అలాగే నింపుకుంటోంది.

ఈ ఎండాకాలం మొదట్లో వాళ్లు మళ్లీ జరిగారు. ఈసారి చేసిన చోటు చాలా చిన్నది.

ఆ చోటు చూసినప్పట్నుంచి పాస్టర్ గారి కోడలు షారన్‌కి నిద్ర పట్టడం లేదు. ఆమె ఉద్యోగం కూడా అలాంటిదే మరి. సిటీ ఆరోగ్య శాఖలో ఎవరు ఏ పేటలో ఏ వయసులో దేనితో పోతున్నారో మ్యాపు మీద రంగులు వేయడం ఆమె పని. ఫౌండ్రీ హిల్ ఎప్పుడూ ముదురు ఎరుపు. హైవేకి ఇవతల పుట్టినవాళ్లు అవతల పుట్టినవాళ్లకన్నా ఒక తరం ముందే పోతున్నారని ప్రతి ఏడాదీ ఆమె చూపిస్తుంది, ప్రతి ఏడాదీ అందరూ చప్పట్లు కొడతారు. పోయినసారి ఒకాయన ఎరుపు బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు కూడా. షారన్‌కి ఒళ్లు మండిపోయింది.

"గ్రెగ్, వెనక బెంచీలో చోటు చేస్తున్నారు," అంది సోమవారం తన పైఅధికారితో.

గ్రెగ్ మంచివాడే. పెన్ను పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. "బెంచీ మాట ఎప్పుడూ తప్పలేదు, నాకు తెలుసు," అన్నాడు. "కానీ ఏ బడ్జెట్ కింద వెళ్లమంటావు? బెంచీ చోటు చూపిస్తుంది, కారణం చూపించదు కదా. ఆస్తమా అయితే ఒక టీమ్, నీళ్లయితే ఇంకో టీమ్. కారణం తెలిశాక రా."

"కారణం తెలిసేసరికి చోటు నిండిపోతుంది."

"ఐ నో," అన్నాడు గ్రెగ్, నిజంగానే బాధపడుతూ. తర్వాత మళ్లీ పెన్ను తీసుకున్నాడు.

ఇక తనే తిరగడం మొదలుపెట్టింది. ఆఫీసు అయ్యాక ఫౌండ్రీ హిల్‌లో చిన్నపిల్లలున్న ప్రతి తలుపూ తట్టింది. ఒక ఇంట్లో గోడలకి బూజు, ఒక ఇంట్లో ఎలుకలు, ఒక ఇంట్లో మూడేళ్ల పిల్లకి పిల్లికూతలు. దొరికిన ప్రతి పిల్ల పేరూ పట్టుకుని ఆఫీసుల వెంట కాళ్లరిగేలా తిరిగింది. బూజుకి ఇంటి యజమానిని అడగమన్నారు. యజమాని వేరే రాష్ట్రంలో ఉన్నాడు, ఫోనెత్తడు. నీళ్ల గొట్టాల సంగతి ఇంకా ఘోరం. ఆ పేటలో చాలా ఇళ్లకి ఇంకా నీళ్లలోకి విషం దించే సీసపు గొట్టాలే, చర్చికి కూడా. వీధి కింద గొట్టం మాది, అది బాగానే ఉంది, కాలిబాట దగ్గర్నుంచి లోపలిది ఓనర్లది అన్నారు నీళ్ల శాఖ వాళ్లు. చర్చి భవనం ఓనర్లు సిటీ ఉచితంగా మారుస్తోందిగా, వాళ్లని అడగండి అన్నారు. సిటీ పథకం వాళ్లేమో చిన్నపిల్లలున్న ఇళ్లకే ముందు, మీ చర్చి వెనక గదుల్లో ఉంటున్నది ఇద్దరు పెద్దవాళ్లేగా అన్నారు. షారన్ తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరికి వాళ్లు చేతులు దులుపుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే, బెంచీ మీద ఆ కాస్త చోటు అలాగే ఉంది.

ఇంటి దగ్గర ఇంకో దిగులు. ఆమె కొడుకు లెవికి ఇంకా మూడేళ్లు నిండలేదు. షారన్, ఆమె భర్త షాలేం రాజు ఆఫీసులకి వెళ్తూ పొద్దున్నే వాణ్ని తాతా నానమ్మల దగ్గర దింపి, సాయంత్రం తీసుకెళ్తారు. వసంతంలో వాడు వాగుడుకాయ. తాత, నానమ్మ, బస్సు, ఇంకా, చాలు, పో. ఎండలు ముదిరేకొద్దీ ఒక్కో మాటా మానేశాడు. పొట్ట పట్టుకుని ముడుచుకుంటాడు. ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తాడు. పేరు పెట్టి పిలిచినా ఒక్కోసారి తల తిప్పడు.

శివారులో ఉన్న పిల్లల డాక్టరు, మీరు ఎక్కడుంటారు, ఇల్లు ఎప్పుడు కట్టింది అని అడిగింది. కొత్త ఇల్లు. ఏడాది నిండినప్పుడు సీసం కోసం చేసిన రక్తపరీక్ష బాగానే ఉంది. మగపిల్లలు లేటుగా మాట్లాడతారు, పైగా ఇంట్లో రెండు భాషలు, కంగారుపడకండి అంది. ఆ రక్తపరీక్ష వాణ్ని నానమ్మ దగ్గర వదలడం మొదలుపెట్టక ముందుది. ఆ సంగతి డాక్టరు అడగలేదు, షారన్‌కి తట్టలేదు.

"నువ్వు ఓవర్‌థింక్ చేస్తున్నావ్ షారన్," అన్నాడు షాలేం రాజు కారులో. "ఆఫీసులో చావులు చూసీ చూసీ ఇంట్లో కూడా అదే కనిపిస్తోంది నీకు. నేను కూడా ఫోర్ ఇయర్స్ దాకా మాట్లాడలేదంట. అమ్మని అడుగు."

"మాట్లాడకపోవడం వేరు, మాట్లాడి మానేయడం వేరు," అంది షారన్. అతను రేడియో పెట్టాడు.

నీళ్ల సంగతి ఆమెకి తెలియక కాదు. లెవిని అక్కడ దింపిన మొదటి రోజే అత్తగారితో చెప్పింది. "అత్తయ్యా, కాస్తే క్రిములు చస్తాయి గానీ సీసం పోదు. నీళ్లు ఇగిరి అది ఇంకా చిక్కబడుతుంది. వీడికి బాటిల్ నీళ్లే ఇవ్వండి, పాలల్లోకీ, అన్నంలోకీ అవే."

"సరేలేమ్మా, నేను చూసుకుంటాను," అంది ప్రేమజ్యోతమ్మ. కోడలు చదువుకున్నది, ఎదురు చెప్పడం ఎందుకని. ప్రతి సోమవారం షారన్ రెండు కట్టలు బాటిళ్లు తెచ్చి వంటింట్లో పెట్టేది. వారం తిరిగేసరికి ఖాళీ బాటిళ్లతో బయట చెత్తబుట్ట నిండిపోయేది. అది చూసి నీళ్ల దిగులు మనసులోంచి తీసేసింది. వంటింట్లో నిలబడి ఏ గ్లాసులో ఏం పోస్తున్నారని అత్తగారిని నిలదీసే కోడలు ఆ చర్చిలో ఇంకా పుట్టలేదు.

కోతకాలపు పండుగ వచ్చింది. అక్కడెవరికీ కోయడానికి పొలాలు లేవు. అయినా శివారు ఇళ్ల పెరళ్లలో కాసిన సొరకాయలూ, బీరకాయలూ, గోంగూర కట్టలూ, ఒకాయన గ్యారేజీలో పెంచిన కరివేపాకు మొక్కా వేదిక ముందు పేర్చారు. ఆరాధన అయ్యాక వేలం పాట. వారమంతా కంప్యూటర్ల ముందు గొంతు పెగలని మగవాళ్లు ఒక్క సొరకాయ కోసం లేచి నిలబడి పాడుకున్నారు. కాపెల్ అనే ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకుడు పెద్ద కుర్చీలో కూర్చుని నవ్వుతూ చూస్తున్నాడు. ఆయన కుర్చీ పక్కన చల్లటి నీళ్ల బాటిల్ ఒకటి ఉంది.

షారన్‌కి వేలం పాట వినబడటం లేదు. ఆమె చూపంతా వెనక బెంచీ మీదే ఉంది. ఉన్ని మేజోళ్ల పిల్లలు ఇంకా దగ్గరికి జరిగారు, భుజాలు వంకర్లు పోతున్నాయి. నీలం జాకెట్ పిల్లాడైతే బెంచీ కొసన సగం కిందికి జారి కూర్చున్నాడు. తొందర్లోనే నిండుతుందన్నట్టు. పిల్లికూతల పిల్లని నిన్న చూసొచ్చింది, బాగానే ఉంది. బూజు ఇంటి కవలలూ బాగానే ఉన్నారు. మరి ఎవరు? ఇన్ని నెలలు తిరిగి తిరిగి తనకి తెలిసింది ఏమీ లేదని ఆమెకి ఏడుపొచ్చింది. 

భోజనాలు మొదలయ్యాయి. పిల్లలు హాల్లో పరుగులు పెడుతున్నారు. వెనక బెంచీలో ఆ ఖాళీలో కూర్చోవద్దని తల్లులందరూ పిల్లలకి నూరిపోశారు కాబట్టి ఎవరూ అటు పోరు. లెవి పోయాడు. తన చిన్న స్టీలు గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఎవరు పిలుస్తున్నా తిరిగి చూడకుండా నడవ వెంట తిన్నగా నడిచి, మోకాలు పైకి పెట్టి బెంచీ ఎక్కి, ఆ చోటులో కూర్చున్నాడు.

కొలత తీసి కుట్టించినట్టు సరిపోయాడు.

వేలంలో గెలిచిన సొరకాయ జెనిఫర్ చేతిలోంచి జారి కిందపడింది. షారన్ పళ్లెం పక్కన పెట్టి లేవబోయింది.

కత్తిరించిన జుట్టు పిల్ల లెవి వైపు తిరిగి చూసింది. చంకలో పసివాణ్ని నీలం జాకెట్ వాడి ఒళ్లో పెట్టింది. లేచి నిలబడింది. అన్నేళ్లలో ఆ బెంచీ పిల్లలు లేచి నిలబడటం ఎవరూ చూడలేదు. వాడి చేతిలో గ్లాసు మెల్లగా తీసుకుని, వాసన చూసి, బోర్లించింది. నీళ్లు చెక్క నేల మీద పారి పగుళ్లలోకి ఇంకిపోయాయి. అప్పుడా పిల్ల నడవ వెంట ముందుకొచ్చింది, బూట్లు చప్పుడు చేయకుండా. కాపెల్ ప్రసంగీకుడి కుర్చీ పక్కన బాటిల్ తీసుకుంది. ఆయన "తీసుకో తల్లీ" అన్నట్టు కాళ్లు పక్కకి జరుపుకున్నాడు. వెనక్కి వెళ్లి మూత తిప్పి, ముందు తను ఒక గుక్క తాగింది. వందేళ్లకి పైబడిన దాహం ఆ ఒక్క గుక్కలో తీరినట్టు కళ్లు మూసుకుంది. తర్వాత లెవి గడ్డం పట్టుకుని వాడి నోటికి పెట్టింది. వాడు గటగటా తాగాడు. తాగాక చంకల కింద చేతులు వేసి వాణ్ని బెంచీ మీంచి దించి, నేల మీద నిలబెట్టి, వాళ్లమ్మ వైపు తిప్పి, వీపు మీద చిన్నగా తోసింది.

షారన్ కొడుకుని ఎత్తుకుంది. ఎత్తుకుని నేరుగా వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారి దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యా, వీడి గ్లాసులోవి ఏ నీళ్లు?"

"కాచినవేనమ్మా," అంది ప్రేమజ్యోతమ్మ. ఆమె మొహం అప్పటికే పాలిపోయింది. "వీడికి మామూలుగా కూడా కాదు. రెండుసార్లు కాస్తాను."

"నేను తెచ్చిన బాటిళ్లు?"

"వచ్చినవాళ్లకి ఇస్తున్నాను. పోస్టు తెచ్చే అబ్బాయికీ, ప్రసంగీకులకీ, వీధిలో పిల్లలు వస్తే వాళ్లకీ. కొన్న వస్తువు ముందు బయటివాళ్లకి పెట్టాలి కదమ్మా. మన బిడ్డకి కొట్లో నీళ్లు పోస్తానా? ఎవరు పట్టారో, ఎక్కడ పట్టారో."

షారన్ ఇన్నాళ్లూ పేటలో ప్రతి తలుపూ తట్టింది, ఈ వంటింటి తలుపు తప్ప. పిల్లలు ఎక్కడ నిద్రపోతారో చూసి మ్యాపు మీద రంగు వేసింది, ఎక్కడ నీళ్లు తాగుతారో చూడలేదు. అత్తగారి మీద ఎంత కోపం వచ్చిందో తన మీద అంతకు రెట్టింపు వచ్చింది. కారు తాళాల కోసం భర్త వైపు చెయ్యి చాపింది.

ఆసుపత్రిలో రక్తం తీసిన కాసేపటికే ఇంకో ఇద్దరు డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. సీసం అంత ఎక్కువగా ఉన్న పిల్లాణ్ని తను చూడలేదని వాళ్లలో చిన్నావిడ అంది. మెదడులో వాపు మొదలయ్యే అంచున ఉన్నాడు, ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే మూర్ఛలు వచ్చేవి, ఆ తర్వాత మా చేతుల్లో ఉండేది కాదు అంది. సీసాన్ని ఒంట్లోంచి లాగే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. లెవి చేతికి సూది గుచ్చితే ఏడ్చాడు. వాడు ఏడ్చినందుకు షాలేం రాజు గోడకేసి తిరిగి తనూ ఏడ్చాడు.

ప్రేమజ్యోతమ్మ గది బయట కుర్చీలో కూర్చుంది. ముసుగు కొంగు నెత్తి మీంచి తీయనే లేదు. షారన్ కాఫీ తెచ్చి చేతికిస్తే పట్టుకుందిగానీ తాగలేదు.

"నువ్వు చెప్పావమ్మా," అంది. "నువ్వు చెబుతుంటే నాకు మా చెల్లి కనబడేది. పచ్చినీళ్లు పోయమంటోంది నా కోడలు అనుకునేదాన్ని. వీడు సరిగ్గా తినట్లేదని ఈ మధ్య ఇంకాసేపు మరిగిస్తున్నాను. నా చేత్తో నేనే..."

షారన్‌కి ఓదార్చాలని లేదు. ఓదార్చకుండా ఉండాలని కూడా లేదు. పక్క కుర్చీలో కూర్చుంది. "నేను బాటిళ్లు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాను అత్తయ్యా. ఒక్క పూట మీ పక్కన నిలబడి చూడలేదు," అంది. ఇద్దరూ ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.

లెవి ఇంటికి వచ్చాడు. మందులు వాడుతూ ఉండాలి, మాటలు వస్తాయో, ఎన్ని వస్తాయో ఇప్పుడే చెప్పలేమన్నారు. చర్చి పిల్లలందరికీ రక్తపరీక్షలు చేయించారు. వారానికొక పూట తాగినవాళ్లే కాబట్టి పెద్దగా ఏమీ లేదు. పేట పిల్లలకి అసలే లేదు. వాళ్లు మొదట్నుంచీ తమ బాటిళ్లు తామే తెచ్చుకుంటున్నారు, లేదంటే ప్రేమజ్యోతమ్మ ఇస్తోంది.

గొట్టం సంగతి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇప్పుడు కారణం తెలిసింది కదా అని షారన్ నీళ్ల శాఖకి వెళ్తుంటే, ఈసారి ప్రేమజ్యోతమ్మ కూడా వస్తానంది. గుండిగ ఒళ్లో పెట్టుకుని కౌంటర్ ముందు కూర్చుంది. దాని అడుగున తెల్లగా పేరుకున్న పొర కౌంటర్‌లో ఉన్నతనికి చూపించింది.

"ఏం చూడాలి నేను?" అన్నాడతను.

"షారన్, చెప్పమ్మా ఇతనికి. వీళ్ల గొట్టంలోంచి వచ్చినవి తాగించి నా మనవణ్ని నేనే చంపుకోబోయానని చెప్పు. మెత్తగా చెప్పకు," అంది ప్రేమజ్యోతమ్మ తెలుగులో.

ఎప్పుడూ నాలుగు ప్లీజ్‌లు కలిపి మాట్లాడే షారన్ ఈసారి అత్తగారన్నది అన్నట్టే చెప్పింది. అతను తల వంచుకుని కంప్యూటర్‌లో చాలాసేపు వెతికాడు. అన్ని ఇళ్లతో పాటే మీ భవనం కూడా జాబితాలో ఉంది, వచ్చే వసంతంలో ఎవరైనా వచ్చి చూసి వెళ్తారు అన్నాడు. మార్చడానికా అని అడిగితే, కాదు, చూడటానికి అన్నాడు. షారన్ పళ్లు కొరుక్కుంటూ బయటికొచ్చింది. ప్రేమజ్యోతమ్మ అక్కడే కూర్చుని మూసేవేళ దాకా లేవలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చుంది.

తర్వాతి ఆదివారం ఆమె సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చింది. సాక్ష్యమంటే వీసా వచ్చినందుకో, ఆపరేషన్ బాగా జరిగినందుకో చెప్పడం అక్కడ అలవాటు. ఆమె మాత్రం తను చేసిన పని మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. కాచిన నీళ్లు మీ పిల్లలకి పోయొద్దు అని చెప్పి కూర్చుంది.

ఆ రోజు ప్రేమవిందు బాటిల్ నీళ్లతో వండారు. ఆడవాళ్లు వెనక బెంచీకి పళ్లాలు తీసుకెళ్లారు. ఉన్ని మేజోళ్ల పిల్లలు చారు పోసుకుని అన్నం కలుపుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నారు. గ్లాసులు ఖాళీ చేసి మళ్లీ చాపారు. జెనిఫర్ తిరిగి తిరిగి పోసింది.

షారన్ వెళ్లి చూడలేదు. చూసే ధైర్యం లేక హాలు సగంలో ఉన్న ఒక కుర్చీలో వీపు అటు పెట్టి కూర్చుంది. లెవిని ఒళ్లో పట్టుకుంది. వాడు గింజుకున్నాడు. రెండుసార్లు ఆపింది, మూడోసారి జారిపోయాడు. చిన్న అడుగులు నడవ వెంట వెనక్కి వెళ్లడం వినబడింది. ఆమె చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని ఎదురుచూసింది.

అడుగులు తిరిగొచ్చాయి, ఈసారి దబదబా. లెవి మొహం ఎర్రగా ఉంది, కింది పెదవి బయటికొచ్చింది. వచ్చి అమ్మ మోకాలి మీద చేత్తో ఒక్కటి వేశాడు.

షారన్ అప్పుడు తిరిగి చూసింది. బెంచీ మీద పిల్లలు ఈ కొస నుంచి ఆ కొస దాకా బాసింపట్లు వేసుకుని విశాలంగా కూర్చున్నారు. నీలం జాకెట్ వాడి ఇన్‌హేలర్‌కి కూడా పక్కన జాగా దొరికింది. కత్తిరించిన జుట్టు పిల్ల పసివాణ్ని ఒళ్లో వేసుకుని, గౌను అంచులు రెండు వైపులా పరుచుకుని, లెవి వైపు చూడకుండా ఎటో చూస్తోంది.

"ఏమైందిరా?" అంది షారన్. జవాబు వస్తుందని కాదు. అడగడం మానలేక అడిగింది, అంతే.

"చోటు లేదు," అన్నాడు లెవి ఉక్రోషంగా.